‘ఒకటి నొక్కండి’ వెనుక ఏముంది? ఓపెన్ సోర్స్ టెలిఫోనీ లైబ్రరీల్లో ఏది దేనికి పనికొస్తుంది

క్లుప్తంగా: ఫోన్ కాల్స్‌ను కంప్యూటర్‌తో నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు ఆస్టరిస్క్, ఫ్రీస్విచ్, పీజేసిప్, కమైలియో ఒకే రకం సరుకు కాదు. కొన్ని పూర్తి ఇంజిన్లు, కొన్ని విడిభాగాలు, ఒకటి కేవలం దారి చూపేది. ఫోన్‌లో ధర చెప్పడం, ఫిర్యాదు నమోదు చేసుకోవడం వంటి సేవలకు ఇద్దరు ముగ్గురు ఉన్న బృందం ఇంజిన్ తీసుకొని, దానికి బయటి నుంచి ఒక పల్చటి ప్రోగ్రాం తగిలించుకుంటే చాలు. ఇలాంటి సేవలు ఎక్కువగా దెబ్బతినేది లైబ్రరీ ఎంపిక వల్ల కాదు. నెట్‌వర్క్ అమరిక, తెలుగు అంకెల రికార్డింగ్, లైన్ల లెక్క, తెరిచి ఉంచిన పోర్టులు (సర్వర్‌లో ఒక్కో సేవకు ఉండే నంబరు ద్వారాలు): ఈ నాలుగు చోట్ల.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పొద్దున జెండా పాట ముగిశాక ఆ రోజు మిర్చి ఎంత పలికిందో నర్సంపేట, పరకాల, భూపాలపల్లి వైపు ఊళ్లకు ఎంత తొందరగా తెలిస్తే అంత మేలు. బస్తాలు బండికెత్తాలా, ఇంకో రెండు రోజులు ఆగాలా అన్నది ఆ ధరతోనే తేలుతుంది. స్మార్ట్‌ఫోన్ ఉన్నవారికి వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. బటన్ ఫోనే ఉన్నవారికి, చదవడం రానివారికి, ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడేవారికి గొంతే దారి. నంబరుకు ఫోన్ చేస్తే ‘తేజకు ఒకటి, వండర్ హాట్‌కు రెండు, చపాటాకు మూడు నొక్కండి’ అని వినిపించి ధర చెప్పే వ్యవస్థను లైసెన్సు ఫీజు కట్టకుండానే తయారు చేసుకోవచ్చు. హనుమకొండలోని విద్యార్థి బృందమైనా, చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ అయినా ఆ పనికి దిగగానే ఎదురయ్యేది పేర్ల గందరగోళం. ఆస్టరిస్క్, ఫ్రీస్విచ్, పీజేసిప్, సోఫియా-సిప్, కమైలియో, ఓపెన్‌సిప్స్... అన్నిటి పక్కనా ‘ఓపెన్ సోర్స్ టెలిఫోనీ’ అనే ఉంటుంది.

## ఒక కాల్, రెండు దారులు

ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే ప్రతి కాల్‌లోనూ రెండు వేర్వేరు ప్రవాహాలు ఉంటాయి. మొదటిది కబురు: ఎవరు ఎవరికి చేస్తున్నారు, మోగుతోందా, ఎత్తారా, పెట్టేశారా. దీన్ని మోసే పద్ధతి సిప్. 2002లో ప్రమాణంగా స్థిరపడ్డ ఈ పద్ధతి మామూలుగా 5060 పోర్టు మీద నడుస్తుంది. రెండోది గొంతు. దాన్ని ఆర్‌టీపీ పద్ధతిలో చిన్న చిన్న ప్యాకెట్లుగా వేరే పోర్టుల మీద పంపుతారు. సిప్ సందేశం లోపల ‘నా గొంతు ఫలానా ఐపీ, ఫలానా పోర్టుకు పంపు’ అని రాసి ఉంటుంది. కాల్ కలిసినా మాట వినపడని సమస్యలన్నీ దాదాపు ఈ ఒక్క వాక్యంలోని చిరునామా తప్పు పడడం వల్లే.

లైబ్రరీలను ఈ రెండు దారుల ప్రకారం చూస్తే గందరగోళం చాలావరకు విడిపోతుంది. కమైలియో, ఓపెన్‌సిప్స్ మొదటి దారిని మాత్రమే పట్టుకుంటాయి. కబురును అందుకొని సరైన సర్వర్‌కు మళ్లిస్తాయి, గొంతును ముట్టుకోవు. అందుకే ఒక మామూలు సర్వర్ మీద కూడా చాలా ఎక్కువ కాల్స్‌ను దాటించగలవు. ‘ఒకటి నొక్కండి’ అని వాటితో పలికించాలంటే మాత్రం కుదరదు. ఆస్టరిస్క్, ఫ్రీస్విచ్ రెండు దారులనూ పట్టుకుంటాయి. కాల్ ఎత్తుతాయి, ఫైలు వినిపిస్తాయి, నొక్కిన అంకెను గుర్తిస్తాయి, రికార్డు చేస్తాయి, ఇంకో కాల్‌తో కలుపుతాయి. పీజేసిప్, సోఫియా-సిప్ అసలైన అర్థంలో లైబ్రరీలు. సీ భాషలో ప్రోగ్రాం రాసి, అందులో వాటిని కలుపుకోవాలి. సొంతంగా మొబైల్ యాప్‌లో ఫోన్ సదుపాయం పెట్టేవారికి, సాఫ్ట్‌ఫోన్ తయారు చేసేవారికి పీజేసిప్ సరైన చోటు. ధర చెప్పే సేవకు దాన్ని ఎంచుకుంటే వారంలో అయ్యే పని నెలలు పడుతుంది.

ఈ రెండు రకాలకూ చుట్టరికం ఉంది. ఆస్టరిస్క్ లోపల ఇప్పుడు సిప్ పని చేసేది పీజేసిప్పే. ఫ్రీస్విచ్ లోపల ఆ పని నోకియా పరిశోధన విభాగంలో పుట్టిన సోఫియా-సిప్‌ది. ఇంజిన్ తీసుకున్నవారు లైబ్రరీని కూడా తీసుకున్నట్టే.

## ఎక్కడి నుంచి వచ్చాయి

అమెరికాలోని అలబామాలో లినక్స్ సేవల సంస్థ పెట్టుకున్న మార్క్ స్పెన్సర్, ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజి కొనే ఖర్చు భరించలేక 1999లో ఆస్టరిస్క్ రాశాడు. డిజియం కంపెనీ చుట్టూ పెరిగిన ఆ ప్రాజెక్టు 2018లో కెనడా సంస్థ సాంగోమా చేతికి వెళ్లింది. ఆస్టరిస్క్ మీద పని చేసిన ఆంథొనీ మినెస్సేల్, ఎక్కువ కాల్స్ పడ్డప్పుడు అందులో ఎదురయ్యే ఇబ్బందులు చూసి, మొదటి నుంచీ వేరే నిర్మాణంతో ఫ్రీస్విచ్ మొదలుపెట్టాడు. దాని 1.0 విడుదల 2008లో వచ్చింది. కమైలియో, ఓపెన్‌సిప్స్ మూలం బెర్లిన్‌లోని ఫ్రాన్‌హోఫర్ ఫోకస్ సంస్థలో పుట్టిన సిప్ సర్వర్. అందులోంచి 2005లో ఓపెన్‌సర్ చీలింది. 2008లో అది కమైలియోగా పేరు మార్చుకుంది, ఓపెన్‌సిప్స్ విడిపోయింది.

## అప్లికేషన్‌ను ఎక్కడ తగిలించాలి

ఇంజిన్ ఎంచుకున్నాక తేల్చుకోవాల్సింది ఇదే, తర్వాతి ఏడాది పనంతా దీని మీదే ఆధారపడుతుంది. బయటి ప్రోగ్రాం వచ్చి కలవడానికి ఆస్టరిస్క్‌కు మూడు తలుపులు ఉన్నాయి.

ఏజీఐ అన్నిటికన్నా పాతది, సులువైనది. కాల్ రాగానే ఆస్టరిస్క్ ఒక స్క్రిప్టును నడుపుతుంది. కాల్ వివరాలను ఒక్కో వరుసగా దానికి అందిస్తుంది, ఖాళీ వరుసతో ముగిస్తుంది. స్క్రిప్టు ‘ఈ ఫైలు వినిపించు’, ‘ఒక అంకె తీసుకో’ అని ఆదేశాలు రాస్తే జవాబు తిరిగి వస్తుంది. పైథాన్, పీహెచ్‌పీ, పెర్ల్, ఏ భాషైనా సరే. మొదటిసారి చేసేవారికి తగిలే తప్పులు మూడే. ఒకటి, స్క్రిప్టు ఫైలుకు నడిపే అనుమతి ఇవ్వకపోవడం. రెండు, తనిఖీ కోసం మధ్యలో ఏదో ముద్రించడం, దాన్ని ఆస్టరిస్క్ ఆదేశం అనుకొని తికమక పడడం. మూడోది కొంచెం లోతైనది. ఫోన్ చేసినవారు పెట్టేసిన క్షణంలో స్క్రిప్టుకు ఆగిపొమ్మనే సంకేతం వెళ్తుంది. డేటాబేస్‌లో సగం రాసి ఉన్నప్పుడు ఆ సంకేతం వస్తే రికార్డు సగంలోనే ఉండిపోతుంది. ఆ సంకేతాన్ని నిలిపే సెట్టింగ్ ఉంది, స్క్రిప్టు మొదలవకముందే దాన్ని పెట్టాలి.

ప్రతి కాల్‌కూ ఒక పైథాన్ ప్రాసెస్ లేవడం 30 కాల్స్ వరకు ఇబ్బంది కాదు. కాల్స్ వందల్లోకి వెళ్తే మెమరీ నిండుతుంది. అప్పుడు ఫాస్ట్‌ఏజీఐకి మారాలి. ఆదేశాలు అవే, స్క్రిప్టు మాత్రం 4573 పోర్టు మీద ఎప్పుడూ మేలుకొని ఉండే సర్వర్ అవుతుంది.

ఏఎంఐ పర్యవేక్షణ తలుపు. 5038 పోర్టుకు కలిస్తే లోపల జరిగే ప్రతి ఘటనా వరుసగా వచ్చిపడుతుంది. ఎన్ని కాల్స్ నడుస్తున్నాయో చూపే తెరలకు, బయటికి కాల్ చేయించడానికి ఇది తగినది. కాల్ నడకనంతా దీంతోనే నడపాలని చూసేవారు ఘటనల వరదలో మునిగిపోతారు.

ఏఆర్ఐ 2013 చివర్లో ఆస్టరిస్క్ 12తో వచ్చింది. వెబ్ ప్రోగ్రామింగ్ తెలిసినవారికి చప్పున అర్థమవుతుంది. ఆదేశాలు హెచ్‌టీటీపీలో, ఘటనలు వెబ్‌సాకెట్‌లో, సమాచారం జేసన్‌లో ఉంటుంది. కాల్‌ను పూర్తిగా బయటి ప్రోగ్రాం చేతికి అప్పగిస్తారు. దీనికో షరతు ఉంది: ఆ ప్రోగ్రాం వెబ్‌సాకెట్‌కు కలిసి లేకపోతే కాల్ అక్కడే విఫలమవుతుంది. ప్రోగ్రాంను మళ్లీ మొదలుపెట్టే కొన్ని సెకన్లలో ఫోన్ చేసినవారికి ఏమీ వినిపించదు. డయల్‌ప్లాన్‌లో (కాల్‌ను ఏం చేయాలో వరుసగా రాసే చోట) ఆ తర్వాతి వరుసలో ఫలితాన్ని చూసి, విఫలమైతే ‘కాసేపాగి చేయండి’ అనే ఫైలు వినిపించేలా రాయడం రెండు నిమిషాల పని. చాలామంది వదిలేసేది కూడా అదే.

ఫ్రీస్విచ్‌లో ఈ పాత్ర ఈవెంట్ సాకెట్‌ది. ప్రోగ్రామే 8021 పోర్టుకు వెళ్లి కలవచ్చు, లేదా కాల్ వచ్చినప్పుడు ఫ్రీస్విచ్చే ప్రోగ్రాంను వెతుక్కుంటూ రావచ్చు. ఫ్రీస్విచ్‌కు రెడీమేడ్ ప్యాకేజీలు కావాలంటే సిగ్నల్‌వైర్ సంస్థ దగ్గర ఖాతా తెరిచి టోకెన్ తీసుకోవాలి. మూలకోడ్ నుంచి కట్టుకోవడం ఉచితమే కానీ, సోఫియా-సిప్, స్పాన్‌డీఎస్పీ లైబ్రరీలను ముందు విడిగా కట్టుకోవాలి. ఒకేసారి ఎక్కువమంది మాట్లాడే కాన్ఫరెన్సులకు ఫ్రీస్విచ్, మెనూ వినిపించి జవాబు తీసుకునే సేవలకు ఆస్టరిస్క్. రెండూ రెండు పనులూ చేయగలవు, అయితే ఉదాహరణలు, సహాయం ఎక్కువగా దొరికే దిశ ఇదే.

## పదహారు వేల ఎనిమిది వందల యాభై రూపాయలు

ధర రోజూ మారుతుంది కాబట్టి పూర్తి వాక్యాన్ని రోజూ రికార్డు చేయడం కుదరదు. ముక్కలు రికార్డు చేసి, కాల్ సమయంలో అతికించాలి. ఇంగ్లిష్ కోసం ఆస్టరిస్క్‌లో ఉన్న అంకెలు పలికే ఏర్పాటు తెలుగుకు సరిపోదు. హిందీలో ఒకటి నుంచి తొంభై తొమ్మిది వరకు దాదాపు ప్రతి అంకెకూ వేరే రూపం ఉంటుంది, అన్నీ విడిగా రికార్డు చేయాలి. తెలుగులో ఇరవై దాటాక పదులు, ఒకట్లు విడివిడిగా పలుకుతాం కాబట్టి పని తక్కువ. చిక్కంతా వందలు, వేల దగ్గర ఉంది.

100 విడిగా వస్తే ‘వంద’, తర్వాత ఇంకేదైనా ఉంటే ‘నూట’. 200 నుంచి ‘రెండు వందల’. 1,000కి ‘వెయ్యి’, 2,000 నుంచి ‘రెండు వేల’. 21,000ను ‘ఇరవై ఒకటి వేల’ అని యంత్రం పలికితే వినేవారు నవ్వుకుంటారు. అక్కడ ‘ఇరవై ఒక్క వేల’ అనాలి. చివర ఎప్పుడూ ‘రూపాయలు’ కలిపితే ‘వేలు’, ‘వందలు’ అనే రూపాలు అవసరం పడవు, ‘వేల’, ‘వందల’ చాలు. అంటే కావాల్సిన ముక్కలు ఇవి: ‘ఒక్క’తో మొదలై ‘పంతొమ్మిది’ వరకు 19, ఇరవై నుంచి తొంభై వరకు పదులు 8, వంద, నూట, వందల, వెయ్యి, వేల, రూపాయలు. మొత్తం 33 ఫైళ్లు. వీటితో లక్ష లోపు ఏ ధరనైనా చెప్పవచ్చు. 16,850కి ఆరు ముక్కలు అతుకుతాయి: పదహారు, వేల, ఎనిమిది, వందల, యాభై, రూపాయలు.

రికార్డింగ్‌లో జాగ్రత్త ఒకటుంది. విడిగా ‘ఎనిమిది’ అని చదివితే చివర గొంతు కిందికి దిగుతుంది. అతికించినప్పుడు ప్రతి ముక్క దగ్గరా వాక్యం ముగిసినట్టు వినిపిస్తుంది. అందుకే ‘ఎనిమిది వందల’ అని కలిపి చదివించి, అందులోంచి ‘ఎనిమిది’ని కత్తిరించాలి. ‘రూపాయలు’ ఒక్కదాన్నే వాక్యం చివరి స్వరంతో తీసుకోవాలి. అన్నీ ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే మైకుతో చేస్తే ధ్వని స్థాయి కలుస్తుంది. ఫైలు ముందూ వెనకా నిశ్శబ్దం కత్తిరించకపోతే ధర చెప్పడానికి రెండింతల సమయం పడుతుంది.

మామూలు ఫోన్ లైన్ మోసేది దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే. ‘స’, ‘శ’, ‘ష’లను విడదీసే శబ్దశక్తి చాలావరకు అంతకు పైనే ఉంటుంది. స్టూడియోలో స్పష్టంగా ఉన్న మాట బటన్ ఫోనులో మసకబారేది అందుకే. ఫైళ్లను సెకనుకు 8,000 నమూనాలు, 16 బిట్లు, ఒకే చానల్‌కు మార్చి, ఫోన్‌లో విని, అప్పుడు ఖాయం చేయాలి. మన దేశపు లైన్లు గొంతును అంకెలుగా మార్చే జీ.711 పద్ధతిలోని ఏ-లా రూపాన్ని వాడతాయి. ఫైళ్లను ఆ రూపంలోనే ఉంచితే కాల్ సమయంలో మార్పిడి భారం ఉండదు. కంప్యూటర్ గొంతు వాడేవారికి ఐఐటీ మద్రాస్, ఏఐ4భారత్ తయారు చేసిన తెలుగు వనరులు ఉన్నాయి. వాటి ఫలితాన్నీ ఇదే మార్పిడి చేయాలి.

## లైన్లు ఎన్ని

పీఆర్ఐ (టెలికాం కంపెనీ ఇచ్చే డిజిటల్ ఫోన్ లైన్) ఒకటి తీసుకుంటే ఒకేసారి 30 కాల్స్, అంటే 30 చానళ్లు. ఒక్కో కాల్ 90 సెకన్లు అనుకుంటే గంటకు 1,200 కాల్స్ వస్తాయని కాగితం మీద లెక్క. నిజానికి ఫోన్లు వరుస కట్టి రావు. జెండా పాట అవ్వగానే ఒక్కసారిగా వస్తాయి. నూరు కాల్స్‌లో రెండింటికి ‘బిజీ’ వినిపించినా ఫర్వాలేదు అనుకుంటే, ఫోన్ రద్దీని లెక్కగట్టే ఎర్లాంగ్ పట్టిక ప్రకారం 30 చానళ్లు మోయగల భారం 21.9 ఎర్లాంగులు (గంటంతా నిండి ఉండే ఒక చానల్ ఒక ఎర్లాంగ్). అంటే గంటకు దాదాపు 875 కాల్స్. అదే కాల్‌ను 45 సెకన్లకు కుదిస్తే 1,750. లైన్ల మీద ఖర్చు పెట్టేముందు స్వాగత వాక్యాలు తగ్గించి, అందరూ ఎక్కువగా అడిగే రకం ధరను మెనూ కన్నా ముందే చెప్పేయడం మంచిది. ఇంత చవకగా సామర్థ్యాన్ని రెట్టింపు చేసే దారి ఇంకోటి లేదు.

సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ పద్ధతిలో వచ్చే ఫోన్ లైన్) తీసుకుంటే బ్రాడ్‌బ్యాండ్ లెక్క కూడా చూడాలి. జీ.711లో సెకనుకు 50 ప్యాకెట్లు, ఒక్కోదానిలో 160 బైట్ల గొంతు. పై తొడుగులన్నీ కలిపితే ఒక్కో దిశలో కాల్‌కు 87.2 కిలోబిట్లు. 30 కాల్స్‌కు 2.6 మెగాబిట్లు దాటుతుంది. వేగం సరిపోయినా, అదే లైన్ మీద ఎవరో వీడియో అప్‌లోడ్ చేస్తే గొంతు తెగుతుంది. ఫోన్‌కు విడి లైన్ ఉండాలి, లేదా రౌటర్‌లో గొంతుకు ముందు వరుస ఇవ్వాలి.

## ఎక్కడ తెగుతుంది, ఎందుకు

లక్షణం చూసి కారణం చెప్పగలగడం ఈ పనిలో సగం నైపుణ్యం.

కాల్ కలిసింది, ఒకవైపే వినపడుతోంది: సిప్ సందేశంలో 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా బయటికి వెళ్లిందని అర్థం. పీజేసిప్ అమరికలో బయటి ఐపీని సంకేతాలకూ గొంతుకూ విడివిడిగా రాయాలి, లోపలి నెట్‌వర్క్ ఏదో కూడా చెప్పాలి. ఆస్టరిస్క్ నమూనా ఫైలులో గొంతు పోర్టులు 10000 నుంచి 20000 వరకు ఉంటాయి. అవి ఫైర్‌వాల్‌లో తెరిచి ఉండాలి. రౌటర్‌లోని ‘సిప్ ఏఎల్‌జీ’ని ఆపేయాలి. సాయం చేయడానికి పెట్టిన ఆ సదుపాయం సందేశాల్లోని చిరునామాలను తనకు తోచినట్టు మార్చేస్తుంది.

ప్రతి కాల్ సరిగ్గా 32 సెకన్లకు తెగుతోంది: ఫోన్ ఎత్తిన కబురుకు అవతలి నుంచి రావాల్సిన ధ్రువీకరణ అందలేదు. సిప్‌లో మూల గడువు 500 మిల్లీసెకన్లు, దానికి 64 రెట్లు వేచి చూసి కాల్ వదిలేస్తారు. ఇది కూడా చిరునామా జబ్బే. 15 నిమిషాలకో, అరగంటకో తెగుతుంటే, కాల్ ఇంకా నడుస్తోందని మధ్యమధ్యలో చెప్పే సందేశం (సెషన్ గడువు పునరుద్ధరణ) అందడం లేదు.

అంకె నొక్కినా పట్టడం లేదు, లేదా రెండుసార్లు పడుతోంది: నొక్కిన శబ్దం గొంతులో కలిసి వస్తోందా, విడి ప్యాకెట్లుగా వస్తోందా అన్న విషయంలో రెండు వైపులకూ పొత్తు కుదరలేదు. ట్రంక్ ఇచ్చిన కంపెనీని అడిగి ఒకే పద్ధతి పెట్టాలి. గొంతును కుదించి పంపే పద్ధతి (కోడెక్) ఉన్నచోట గొంతులో కలిపి పంపే పద్ధతి పనికిరాదు.

వీటన్నిటికీ లాగ్ ఫైళ్లు తవ్వేముందు ఎస్ఎన్‌గ్రెప్ అనే చిన్న సాధనం పెట్టుకుంటే సిప్ సందేశాల రాకపోకలు నిచ్చెన మెట్లలా కళ్లముందు కనిపిస్తాయి. భారం పరీక్షకు సిప్‌పీ ఉంది. జనానికి నంబరు ఇచ్చేముందే దాంతో 30 కాల్స్ ఒకేసారి వేసి చూడాలి.

## మిస్డ్ కాల్ పద్ధతి, నిబంధనలు

గోండి మాట్లాడేవారి వార్తల కోసం 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర వంటి సేవలు, మిస్డ్ కాల్ ఇస్తే సేవే తిరిగి ఫోన్ చేసే పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చాయి. అన్‌లిమిటెడ్ ప్లాన్లు వచ్చాక దాని అవసరం తగ్గింది, పోలేదు. ఆస్టరిస్క్‌లో దీని యంత్రాంగం సులువు. వచ్చిన కాల్‌ను ఎత్తకుండా ఒకటి రెండు సెకన్లు మోగనిచ్చి తిరస్కరించాలి. తర్వాత ఎవరికి కాల్ చేయాలో చెప్పే ఒక చిన్న కాల్ ఫైలు రాసి, బయటికి వెళ్లే కాల్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. ఆ ఫైలును నేరుగా అక్కడే రాయకూడదు. సగం రాసి ఉండగానే ఆస్టరిస్క్ చదివేస్తుంది. అదే డిస్కు మీద వేరేచోట రాసి, పూర్తయ్యాక జరపాలి. నంబర్లు సున్నాతోనో, 91తోనో, పది అంకెలుగానో రావచ్చు. చివరి పది అంకెలనే ఉంచుకోవాలి. అదే నంబరు నుంచి ఐదు నిమిషాల్లో మళ్లీ మిస్డ్ కాల్ వస్తే రెండో ఫైలు పుట్టకుండా చూడాలి. లేకపోతే ఆత్రపడి మూడుసార్లు చేసినవారికి మూడు కాల్స్ వెళ్తాయి, 30 చానళ్లు వాటికే చాలవు.

సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ, ఫోన్ నెట్‌వర్క్‌కు కలపడం మాత్రం చట్టం పరిధిలోది. ట్రంక్‌ను లైసెన్సు ఉన్న కంపెనీ నుంచి సంస్థ పేరుతోనే తీసుకోవాలి. గేట్‌వేలో సిమ్ములు గుచ్చి ఇతరుల కాల్స్‌ను ఇంటర్నెట్ నుంచి ఫోన్ నెట్‌వర్క్‌కు దాటించడం నేరం. అలాంటి అక్రమ ఎక్స్ఛేంజీల మీద పోలీసు కేసులు అవుతాయి. కాల్ సెంటర్లు టెలికాం శాఖ దగ్గర నమోదు చేసుకోవాలన్న నియమాన్ని 2020 నవంబరులో ఎత్తేశారు. 2018 నాటి ట్రాయ్ వాణిజ్య సందేశాల నిబంధనలు మాత్రం ఉన్నాయి. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే వెళ్లాలి. తిరిగి కాల్ చేసే సేవ ఏ కోవలోకి వస్తుందో లైన్ ఇచ్చిన కంపెనీతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది.

## భద్రత, పాత వెర్షన్ల సంగతి

5060 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచిన కాసేపటికే దొంగ ప్రయత్నాలు మొదలవుతాయి. ఎక్స్‌టెన్షన్ (లోపలి ఫోన్ నంబరు) 100, పాస్‌వర్డ్ 100 అని పెట్టిన ఖాతా దొరికితే రాత్రికి రాత్రి విదేశీ ప్రీమియం నంబర్లకు కాల్స్ వెళ్లి, బిల్లు సంస్థ మీద పడుతుంది. ఫ్రీస్విచ్‌తో వచ్చే నమూనా అమరికలో పాస్‌వర్డ్ 1234. దాన్ని మార్చకపోతే కాల్ చేసినప్పుడు హెచ్చరిక రాసి, కావాలనే పది సెకన్లు ఆలస్యం చేస్తుంది. ధర చెప్పే సేవకు బయటి ఎక్స్‌టెన్షన్లే అక్కర్లేదు. ట్రంక్ కంపెనీ ఐపీలకు తప్ప 5060ని మూసేయాలి. 5038, 8021, ఏఆర్ఐ వాడే 8088 పోర్టులు బయటికి కనపడకూడదు. విదేశీ కాల్స్ సదుపాయాన్ని కంపెనీ దగ్గరే రద్దు చేయించాలి.

లైసెన్సుల్లో తేడా ఉత్పత్తి అమ్మేవారికి ముఖ్యం. ఆస్టరిస్క్, కమైలియో, పీజేసిప్ జీపీఎల్ రెండో వెర్షన్ కింద ఉన్నాయి. పీజేసిప్‌ను యాప్‌లో కలిపి, ఆ యాప్ కోడ్‌ను మూసి ఉంచాలంటే డబ్బు కట్టి వాణిజ్య లైసెన్సు తీసుకోవాలి. ఫ్రీస్విచ్ మొజిల్లా లైసెన్సు, సోఫియా-సిప్ ఎల్‌జీపీఎల్ కొంత వెసులుబాటు ఇస్తాయి. సొంత సర్వర్ మీద సేవ నడిపేవారికి వీటిలో ఏదీ అడ్డం కాదు.

పాత పాఠాలు చూసి అమర్చుకున్నవారికి అసలు చిక్కు వెర్షన్ దగ్గర వస్తుంది. ఇప్పటికీ ఎక్కువ ఉదాహరణలు ఆస్టరిస్క్‌లోని పాత సిప్ మాడ్యూల్ కోసం రాసినవే. 2023లో వచ్చిన 21వ వెర్షన్ నుంచి ఆ మాడ్యూల్‌నే తీసేశారు. దీర్ఘకాల మద్దతు ఉన్న 20వ వెర్షన్‌కు భద్రతా సవరణలు 2027 అక్టోబరు వరకే. 22కి మారేటప్పుడు పాత అమరికను కొత్త పీజేసిప్ రూపానికి మార్చే స్క్రిప్టు ఆస్టరిస్క్ మూలకోడ్‌తోనే వస్తుంది. అయితే అది ఇచ్చే ఫైలును చివరి రూపం అనుకోకూడదు. బయటి ఐపీ, నొక్కిన అంకెల పద్ధతి, ట్రంక్ గుర్తింపు, ఈ మూడు చోట్ల చేత్తో సరిచూసుకోవాలి. మిర్చి సీజన్ ముగిశాక, జనవరిలో కొత్త పంట యార్డుకు రావడానికి ముందు ఉన్న నెలల్లో ఈ మార్పిడి పెట్టుకుంటే, కాల్స్ తక్కువగా ఉన్నప్పుడే లోపాలు బయటపడతాయి.